అమ్మే నోరు, అడిగే నోరు

మొన్న ఇటుకల పండక్కి సొంతూరు వెళ్లినప్పుడు నా పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. పాడేరులో డిగ్రీ చదువుతున్నాడు. చదువుకంటే వాడికి పాట మీద ధ్యాస ఎక్కువ. ఊళ్లో ఆడపిల్లల్ని, కుర్రాళ్లని పోగేసి థింసా పాటలు ఫోనుతో తీసి యూట్యూబులో పెడతాడు. చూసేవాళ్లు బాగానే ఉన్నారు. వాడి వెనకే వాడి చెల్లెలు కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. థింసా వరసలో ముందు నిలబడేది ఆ అమ్మాయే.

సంగతేమిటంటే, ఒక క్రీము కంపెనీ తరఫున ఎవరో డీలరు వాడికి ఫోను చేశాడు. పాట అయిపోయాక అర నిమిషం పాటు ఆ అమ్మాయిలు ముఖానికి క్రీము రాసుకుంటున్నట్టు చూపించాలి. మా ముఖంలో ఈ కళ దీనివల్లే వచ్చిందని ఒకరు చెప్పాలి. అందుకు పదిహేను వేలు ఇస్తాడట. వాళ్లకు సొంత మైకు లేదు, ప్రతిసారీ అద్దెకు తెచ్చుకుంటున్నారు. పదిహేను వేలంటే ఆ పిల్లలకు చిన్న డబ్బు కాదు.

నేను ఠక్కున "వద్దురా" అన్నాను. ఉపాధ్యాయుల నోటికి ఆ మాట తొందరగా వస్తుంది.

వాడు నవ్వాడు. "అదేటి మాస్టారూ, రిహానా కూడా క్రీములే అమ్ముతాది కదా. ఆవిడ గురించి మాకు క్లాసులో గొప్పగా చెప్పింది మీరే కదా. ఆవిడ అమ్మితే గొప్ప, మేం అమ్మితే తప్పా?"

నాకు జవాబు దొరకలేదు. ఆ రోజే కాదు, తరవాత వారం రోజులు కూడా సరిగా దొరకలేదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కుంటూ రాసినదే.

వాడు అన్నది నిజం. 2021 ఫిబ్రవరిలో వీళ్లది పదో తరగతి. కరోనా సెలవుల తరవాత బడులు మళ్లీ తెరిచిన రోజులు. ఢిల్లీ సరిహద్దుల్లో సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర రైతులు చలిలో కూర్చుని అప్పటికి రెండు నెలలు దాటింది. 2020 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాలను రద్దు చెయ్యాలని వాళ్ల పట్టు. ఫిబ్రవరి 2న రిహానా ట్విట్టర్‌లో ఆ ఉద్యమం గురించిన వార్త ఒకటి పెట్టి, దీని గురించి మనమెందుకు మాట్లాడుకోవడం లేదని ఒక్క ముక్క అడిగింది. అక్కడ ఆమెను అనుసరించేవాళ్లు అప్పటికే పది కోట్లు. మర్నాడే మన విదేశాంగ శాఖ ప్రకటన చేసింది, ప్రముఖులు విషయం సరిగా తెలుసుకోకుండా మాట్లాడడం తగదని. ఆ రోజంతా మన క్రికెటర్లు, హిందీ సినిమా తారలు ఒకే రకం హ్యాష్‌ట్యాగులతో దేశం ఒక్కటిగా ఉండాలని రాశారు. ఆఖరికి ఆ చట్టాలను 2021 నవంబరులో కేంద్రమే వెనక్కి తీసుకుంది. అది రైతులు ఏడాది పాటు కూర్చోవడం వల్ల జరిగింది, ఒక పాటగత్తె ట్వీటు వల్ల కాదు. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

నేను ఆ వార్త పిల్లలకు చదివి వినిపించాను. బార్బడోస్ ఎక్కడుందో పటంలో చూపించాను. ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి చెరకు పండించిన చిన్న దీవి అది. అక్కడ పుట్టిన నల్లపిల్ల, చిన్నప్పుడు తండ్రితో కలిసి వీధి కొట్టులో బట్టలు అమ్మిన పిల్ల, ఎక్కడో ఉన్న పంజాబు రైతుల గురించి అడిగిందని చెప్పాను. కొంచెం ఎక్కువగానే చెప్పి ఉంటాను. మన పిల్లలకు నల్లటి మనిషిని గొప్పగా చూపించే అవకాశం పాఠ్యపుస్తకంలో ఎన్నిసార్లు దొరుకుతుంది?

అయితే కథ అక్కడ ఆగలేదు. 2024 మార్చి 1న గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో, ముకేశ్ అంబానీ చిన్న కొడుకు పెళ్లికి ముందు జరిగిన వేడుకలో రిహానా పాడింది. రైతుల ఉద్యమం రోజుల్లో పంజాబులో జనం జియో సిమ్ములు వదిలేశారు, జియో టవర్లకు కరెంటు తీసేశారు. తమకు ఆ చట్టాలతో సంబంధమే లేదని, కాంట్రాక్టు వ్యవసాయంలోకి దిగే ఆలోచన కూడా లేదని రిలయన్స్ 2021 జనవరిలో చెప్పింది, టవర్లకు రక్షణ కోసం హైకోర్టుకు కూడా వెళ్లింది. ఎవరి మాట ఎంత నిజమన్నది వేరే చర్చ. రైతుల కోపం ఆ పేరు మీద ఉన్న మాట మాత్రం అందరికీ తెలుసు. ఆ ఇంటి వేడుకలోనే ఆమె పాడింది. ఎంత తీసుకుందో పత్రికలు తలా ఒక అంకె రాశాయి.

దీన్ని చూసి మన కుర్రాళ్లు చాలామంది అనే మాట ఒకటుంది. "అందరూ అంతే, అంతా నాటకమే." ఈ మాట తెలివైనదిగా కనిపిస్తుంది కానీ చాలా సోమరి మాట. అందరూ దొంగలే అనుకుంటే ఇక ఎవరి మాటనూ తూచి చూడాల్సిన పని ఉండదు. తూచకుండా వదిలేస్తే లాభం ఎవరికో సంతకు వెళ్లే మనకు చెప్పనక్కర్లేదు.

సంతలో ఇద్దరు మనుషుల్ని ఊహించండి. ఒకడు వచ్చి, "అదిగో, ఆ కాటా చూడండి, రాయి తేడాగా ఉంది" అంటాడు. రెండోవాడు, "నన్ను నమ్మండి, ఈ విత్తనం మంచిది" అంటాడు. మొదటివాడు తాగుబోతు కావచ్చు. పక్క కొట్టువాడి మీద కసితో చెప్తూ ఉండొచ్చు. నిన్నటిదాకా వాడే దొంగ తూకం వేసి ఉండొచ్చు. అయినా మనం లేచి వెళ్లి ఆ రాయిని చేత్తో పట్టుకుని చూడగలం. తేడా ఉంటే ఉంది, లేకపోతే లేదు. చెప్పినవాడి గుణంతో పని లేదు. రెండోవాడి సంగతి అలా కాదు. విత్తనం మొలిచేదాకా మంచిదో కాదో మనకు తెలియదు. అంతదాకా మన చేతిలో ఉన్నది వాడి మాట ఒక్కటే. వాడి మాట నిలవాలంటే వాడు నిలకడైన మనిషి కావాలి.

రిహానా రైతుల గురించి అన్నది మొదటి రకం మాట. అటు చూడండి అన్నది. ఆమె మంచిదా, ధనవంతురాలా, రేపు ఎవరింట్లో పాడుతుంది అన్న ప్రశ్నలు సింఘు దగ్గర చలిలో కూర్చున్న మనిషిని లేనట్టు చెయ్యలేవు. జామ్‌నగర్‌లో పాడినందువల్ల 2021లో అడిగిన ప్రశ్న అబద్ధం అయిపోలేదు. ప్రకటనలో తార చెప్పేది రెండో రకం. నేను వాడుతున్నాను, మీరూ వాడండి అనడం. అక్కడ సరుకు కంటే ముందు అమ్ముడయ్యేది నమ్మకం.

ఈ తేడా నాకు స్పష్టమయ్యాక, దాన్ని రెండో వైపు నుంచి కూడా పరీక్షించాల్సి వచ్చింది. ఎందుకంటే అదే 2021 ఫిబ్రవరిలో రిహానా మీద ఒక ఫిర్యాదు వచ్చింది. ఆమె కంపెనీ ఫెంటీ బ్యూటీ వాడే అభ్రకం జార్ఖండ్‌లో చిన్నపిల్లలు తవ్విన గనుల నుంచి వస్తోందని ఒక సంస్థ బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు వేరు, రుజువు వేరు. ఆ సంస్థకు ఉన్నట్టుండి అభ్రకం పిల్లలు గుర్తొచ్చింది ట్వీటు వచ్చాక ఆ నెలలోనే. కోపం ఎక్కడిదో చూస్తేనే తెలుస్తుంది. అప్పట్లో నేను అది చదివి, ఇది కక్ష అని పేజీ తిప్పేశాను.

ఇప్పుడు అనిపిస్తోంది, నేనూ "అందరూ అంతే" అన్న కుర్రాళ్లలాగే చేశానని. చెప్పినవాడి బుద్ధి చూసి, వాడు వేలు పెట్టి చూపించిన చోటు చూడలేదు.

అభ్రకాన్ని మనం కాకిబంగారం అంటాం. చిన్నప్పుడు వాగు ఇసకలో మెరిసే రేకులు ఏరి జేబులో దాచుకునేవాళ్లం, బంగారమేమో అని. నెల్లూరు వైపు గూడూరు చుట్టుపక్కల ఒకప్పుడు దీని గనులు పేరు మోసినవి. జార్ఖండ్‌లో కోడర్మా, గిరిడీ, పక్కన బీహార్‌లో నవాదా ఇంకా పెద్ద ప్రాంతం. 1980 అటవీ సంరక్షణ చట్టం తరవాత అక్కడి గనులు చాలావరకు మూతపడ్డాయి. గనులు మూతపడ్డాయి గానీ ఆకలి మూతపడలేదు. వదిలేసిన గుంతల్లో దిగి, ఎలుక బొరియల్లాంటి సొరంగాలు తవ్వి, ఆడవాళ్లు, పిల్లలు రేకులు ఏరుతారు. ఆ తుక్కు రేకుల్ని అక్కడ ఢిబ్రా అంటారు. ఏరేవాళ్లు ఆదివాసులు, దళితులు, సెంటు భూమి లేనివాళ్లు. 2016లో రాయిటర్స్ విలేకరులు మూడు నెలలు తిరిగి, రెండు నెలల్లో ఏడుగురు పిల్లలు ఆ గుంతల్లో చనిపోయారని, ఆ చావుల్ని బయటికి రాకుండా దాచారని రాశారు. ఆ రేకులు చేతులు మారి మారి కార్ల రంగుల్లో, పెదవులకు, కనురెప్పలకు పూసుకునే రంగుల్లో మెరుపుగా చేరతాయి. 2017లో కొన్ని పెద్ద కంపెనీలు రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అని ఒక వేదిక పెట్టుకున్నాయి. అంటే సమస్య ఉందని వ్యాపారులే ఒప్పుకున్నారన్న మాట.

కాబట్టి ఆ ఫిర్యాదు ఎంత కక్షతో వచ్చినా, ఆ పిల్లలు అక్కడ ఉన్నారు. రైతుల కోసం అడిగిన నోటిని మూయించడానికి వాళ్లను వాడుకున్నారు, పని అయ్యాక మళ్లీ మర్చిపోయారు. వాళ్లకోసం దీని గురించి మనమెందుకు మాట్లాడుకోవడం లేదని అడిగిన గొప్ప గొంతు ఏదీ నాకు వినపడలేదు. రిహానాది కూడా.

ఇక్కడ ఆమె బాధ్యత మామూలు తారల బాధ్యత కంటే ఎక్కువ అని నేను అనుకుంటాను. కారణం చెప్తాను. ఒకప్పుడు ఆమె కూడా కూలికి ముఖం ఇచ్చినదే. 2011లో నివియా కంపెనీ ఆమెను ప్రచారానికి పెట్టుకుంది. మరుసటి ఏడు కొత్తగా వచ్చిన పెద్దాయన, ఈమె మా ఇంటి సరుకుకు తగదు అని బాహాటంగా అనేశాడు. కూలి ముఖం గతి అంతే. పెట్టుకున్నవాడికి నచ్చినన్నాళ్లే. అలాంటి ఒప్పందాల్లో కంపెనీ పరువుకు భంగం కలిగే పని చెయ్యకూడదన్న షరతు ఉండడం మామూలే. మన తారలు ఏ గొడవ మీదా పెదవి కదపకపోవడానికి సగం కారణం పిరికితనం అయితే, మిగతా సగం ఆ షరతు. 2017లో రిహానా సొంత కంపెనీ పెట్టుకుంది, ఫ్రాన్స్‌కు చెందిన ఎల్‌వీఎంహెచ్‌తో కలిసి. 2021 ఆగస్టులో ఫోర్బ్స్ పత్రిక ఆమె ఆస్తిని 170 కోట్ల డాలర్లుగా లెక్కేసింది. అందులో 140 కోట్లు పాటవి కావు, ఫెంటీ బ్యూటీవి. ఎవరినీ అడగకుండా ఆమె రైతుల గురించి ట్వీటు పెట్టగలిగిందంటే ఆ సొంత దుకాణం ఇచ్చిన ధైర్యం కూడా అందులో ఉండే ఉంటుంది. కానీ సొంత దుకాణం అయినప్పుడు, సరుకు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు అనే వీలు పోతుంది. కూలి ముఖం ఆ మాట అనొచ్చు. యజమాని అనకూడదు.

మంచి కూడా చెప్పాలి, లేకపోతే నా తూకమే తప్పవుతుంది. ఫెంటీ బ్యూటీ మొదలైన రోజునే ముఖానికి వేసుకునే ఫౌండేషన్‌ను 40 ఛాయల్లో తెచ్చారు. అంతకుముందు చాలా కంపెనీలకు నల్లటి ముఖం అంటే అర చివర ఒకటి రెండు డబ్బాలు. ఆమె తరవాత మిగతా కంపెనీలు కూడా ఛాయలు పెంచక తప్పలేదు. టైమ్ పత్రిక ఆ ఏడాది మేలైన ఆవిష్కరణల జాబితాలో దాన్ని చేర్చింది. ఇది వ్యాపారమే, దానమేమీ కాదు. లాభం కోసమే చేసినా, నీ రంగు లోపం కాదు అన్న మాట నల్లపిల్లల దాకా వెళ్లింది కదా. లాభం కోసం చెప్పిన నిజం నిజం కాకుండా పోతుందా?

నేను ఆశ్రమ పాఠశాలల్లో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను. సెలవు రోజు మధ్యాహ్నం ఆడపిల్లల ట్రంకు పెట్టెలు తెరిస్తే చింతపండు, తలనూనె, తువ్వాలు, వాటి కింద పది రూపాయల క్రీము పొట్లాలు. ఇంటి నుంచి వచ్చిన డబ్బుతో పెన్ను కొనుక్కోరు గానీ అది కొనుక్కుంటారు. మైదానం నుంచి వచ్చిన పిల్ల ఒకత్తి క్లాసులో ఉంటే చాలు, మిగతావాళ్లు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడతారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకసారి నాతో అంది, "మాస్టారూ, పాటల్లో చేసే అమ్మాయి ఎవరూ మాలాగ ఉండరు కదా" అని. అప్పుడు నేను ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, అంటే గుర్తుంచుకోదగ్గ మాట కాదన్న మాట. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఒక పెద్ద క్రీముకు 2020 జూలైలో పేరులోంచి తెలుపు అన్న మాట తీసేసి మెరుపు అన్న మాట పెట్టారు. అమెరికాలో నల్లవాళ్ల ఉద్యమం చూసి ఇక్కడి కంపెనీ పేరు మార్చుకుంది. ఇక్కడి పిల్లలు నలభై అయిదేళ్లు అద్దం ముందు నిలబడింది చూసి మార్చుకోలేదు.

అందుకే నా విద్యార్థితో, రిహానా అమ్మే క్రీమూ నిన్ను అమ్మమంటున్న క్రీమూ ఒకటి కాదు అని చెప్పవచ్చు. ఆమెది నీ రంగును ఉన్నట్టు ఉంచేది, ఇది నీ రంగును తప్పు అనేది. ఈ జవాబు బాగానే ఉంది. కానీ అందులో ఒక కంత ఉంది. రేపు ఆ డీలరు క్రీముకు బదులు సబ్బు తెస్తాడు. నోటుపుస్తకం తెస్తాడు. వాటిలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అప్పుడు?

అక్కడే నా సొంత సంగతి చెప్పుకోవాలి. ఇది చెప్పకుండా రిహానాను తూచే హక్కు నాకు లేదు.

కొన్నేళ్ల కిందట నేను పని చేసిన ఒక ఊరికి క్వారీ వాళ్లు వచ్చారు. లీజు కాగితం మన మనిషి పేరు మీద, పెట్టుబడి మైదానం మనిషిది. మన ప్రాంతంలో ఈ పద్ధతి కొత్త కాదు. సర్వే మొదలవ్వక ముందే బడికి సంచులు వచ్చాయి. పిల్లలందరికీ తలా ఒక సంచి, వాటి మీద కంపెనీ గుర్తు. మంచి సంచులు, జిప్పులు గట్టివి. మా పిల్లలు అప్పటిదాకా పుస్తకాలు యూరియా బస్తా గుడ్డతో కుట్టిన సంచుల్లో తెచ్చుకునేవాళ్లు. పంపిణీ రోజున నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. ఇలాంటి దాతలు ఉండబట్టే మా పిల్లలు ముందుకు వెళ్తున్నారు అన్నాను. ఫొటో తీశారు, పేపర్లో వచ్చింది. ఆ రోజు నేను అబద్ధం ఏమీ ఆడలేదు. సంచులు మంచివే, పిల్లలు సంతోషించారు.

నాలుగు నెలల తరవాత గ్రామసభ పెట్టారు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. కాగితాలు చదివి చెప్పమని ఊరివాళ్లు నన్ను పిలిచారు. చదివాను. ఒక్క అక్షరం వదలకుండా చదివాను. కొండ కింద ఊట ఉంది. తాగే నీళ్లు అక్కడివే. క్వారీ వస్తే ఆ ఊట ఏమవుతుందో కాగితంలో లేదు. లేదన్న సంగతి నాకు కనిపించింది. నోటి దాకా వచ్చింది. కానీ చెప్పలేదు. ప్రభుత్వ ఉద్యోగిని, ప్రవర్తన నియమాలు ఉంటాయి, నేను చదివి పెట్టడానికే వచ్చాను అని నాకు నేనే చెప్పుకున్నాను. కాగితం మడిచి ఇచ్చేశాను.

వెనక కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది. "ఏటి మాస్టారూ, సంచి బరువుగా ఉందేటి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరవాత ఊట సంగతి ఆమే ఎత్తింది. ఊరు ఒప్పుకోలేదు, ఆ లీజు అప్పటికి ఆగింది. నా మౌనం వల్ల నష్టం జరగలేదు. ఆ మాట చెప్పుకుని ఊరట పడొచ్చు గానీ, నష్టం జరగకపోవడం నా పుణ్యం కాదు.

డబ్బు పుచ్చుకున్నవాడు అన్న మాటను అందరూ చూస్తారు. వాడు తరవాత అనకుండా ఉండిపోయిన మాటను ఎవరూ చూడరు. కంపెనీ కొనేది చాలాసార్లు ఆ రెండోదాన్నే. అది ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. నా చేత ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. సంచులు ఇచ్చినవాళ్లు గ్రామసభలో నోరు మూసుకోమని నాకు చెప్పలేదు కూడా. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇది తెలిశాక రిహానా చేసిన ఇంకో పనిని చూస్తే కొంచెం వేరేగా కనిపించింది. 2016లో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్, నల్లవాళ్ల మీద పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా జాతీయ గీతం వేళ మోకాలి మీద కూర్చున్నాడు. ఆ సీజన్ తరవాత ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. ఆ ఆటల సంస్థ ఏటా జరిపే సూపర్ బౌల్ పోటీ మధ్య విరామంలో పాడడం అక్కడి గాయకులకు పెద్ద గౌరవం. రిహానా ఆ పిలుపును కాదన్నది. అతని కోసమే కాదన్నానని, నా వాళ్లను అమ్ముకోలేనన్న అర్థంలో 2019లో వోగ్ పత్రికతో చెప్పింది. అది చిన్న త్యాగం కాదు. తరవాత 2023 ఫిబ్రవరి 12న అదే సంస్థ వేదిక మీద, కడుపుతో ఉండి పాడింది. ఆ వేదిక మీద పాడినందుకు ఆ సంస్థ పారితోషికం ఇవ్వదు. కానీ పాట మధ్యలో ఆమె ఒక్క క్షణం ఆగి తన కంపెనీ పౌడరు తీసి ముఖానికి అద్దుకుంది. ప్రపంచమంతా చూస్తుండగా పైసా ఖర్చు లేని ప్రకటన. వ్యాపారం తెలిసిన మనిషి అని మెచ్చుకున్నవాళ్లు చాలామంది. కేపర్నిక్ మాత్రం మళ్లీ మైదానంలోకి రాలేదు. సరిదిద్దాల్సింది ఇంకా ఉందని, అయినా అంత ఎత్తున మనవాళ్లు కనిపించడమూ బలమేనని ఆమె ఇంకో పత్రికతో అంది.

ఆమె మనసు మార్చుకోవడం తప్పని నేను అనను. మనిషి అన్నాక మారతాడు. కానీ ఒకరి తరఫున కాదన్న పనిని మళ్లీ చేస్తున్నప్పుడు, ఆ ఒకరికి లెక్క చెప్పాలి. పత్రికకు చెప్పినదాంట్లో ఆ లెక్క నాకు సరిపోలేదు. ఆమె సేవా సంస్థ క్లారా లయొనెల్ ఫౌండేషన్ 2020లో కరోనా సహాయానికి 50 లక్షల డాలర్లు ఇచ్చింది. అది మంచి పని. అయితే దానం ఈ ఖాతాలో జమ కాదు. నా సంచులు ఊట ఖాతాలో జమ కానట్టే.

నాకూ ఆమెకూ ఒక తేడా ఉంది. ఆమె వేదికను కాదన్న మూడు నాలుగేళ్లు కాదంది. నేను ఒక్క పూట కూడా కాదనలేకపోయాను. కాబట్టి పిల్లలకు ఆమె గురించి చెప్పినందుకు నేను పశ్చాత్తాపపడడం లేదు. ఆమె అడిగిన ప్రశ్నను పక్కన పెట్టి ఆమెనే బొమ్మ చేసి నిలబెట్టినందుకు మాత్రం పడుతున్నాను. బొమ్మ నిలబెడితే, అది పగిలిన రోజు పిల్లవాడు ప్రశ్నను కూడా పగిలిందనుకుంటాడు. నా విద్యార్థికి జరిగింది అదే.

పండగ అయిన మరుసటి ఆదివారం వాడి ఇంటికి వెళ్లాను. ఇదంతా చెప్పాను, సంచుల కథతో సహా. వాడు విన్నాడు. చట్టం సంగతి కూడా చెప్పాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలో కనిపించినవాళ్లకు కూడా పది లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సరుకు గురించి చెప్పేవాడు తన నిజమైన అభిప్రాయం, తన అనుభవం చెప్పాలి. డబ్బు తీసుకుంటే తీసుకున్నానని తెలిసేలా చెయ్యాలి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు కదా, ఆ వార్త వాడు నా కంటే ముందే చూశాడు.

"అయితే మైకు ఎలా కొనాల మాస్టారూ?" అన్నాడు. దానికి నా దగ్గర సిద్ధాంతం లేదు. రెండు వేలు ఇస్తానన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "మీ దగ్గర తీసుకుంటే రేపు మీ మీద పాట కట్టలేం కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు సంచి గుర్తొచ్చింది.

అంతసేపూ గుమ్మం దగ్గర అడ్డాకులు కుడుతున్న చెల్లెలు అప్పుడు నోరు విప్పింది. ఆ డీలరు నమూనాకని రెండు ట్యూబులు పంపాడట. వారం రోజులు రాసుకుందట. చెంపల మీద మంట, ఎండలోకి వెళ్తే ఎర్రగా పొక్కుతోందట.

"అనుభవం చెప్పాలన్నారు కదా మాస్టారూ, వీడియో తియ్యమనండి, నేను సెప్తాను. రాసుకుంటే మండింది అని సెప్తాను. డబ్బులు ఇమ్మనండి."

వాడు ఆ మాటే ఫోనులో డీలరుకు చెప్పాడట. డీలరు ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుని పెట్టేశాడట. తరవాత ఫోను రాలేదు. మైకు ఇంకా అద్దెదే.